డెలోరియన్ పని డైరీ: ఏ భాగం ఎవరి ఇంటిది?

జనవరి

ఈ నెలలో పానా పట్టుకున్నది తక్కువ, కలం పట్టుకున్నది ఎక్కువ. 1981లో తయారైన ఈ డెలోరియన్ డీఎంసీ-12 స్పోర్ట్స్ కారును జాకీలతో ఎత్తి, చక్రాలు విప్పి, అడుగు నుంచి పైకప్పు దాకా పరిశీలించి, మార్చవలసిన ప్రతి భాగాన్నీ ఒక పట్టికలోకి ఎక్కించాను. ఇలాంటి పట్టికల్లో మామూలుగా భాగం పేరు, కంపెనీ నంబరు, దొరికే చోటు అనే గడులు ఉంటాయి. వాటన్నిటికంటే ముందు నేను ఇంకొక గడి గీసుకున్నాను: ఈ భాగాన్ని నిజానికి తయారు చేసినవారు ఎవరు, ఇదే భాగాన్ని ఇంకా ఏయే కార్లలో వాడారు? విడిభాగాల వేటలో "ఎక్కడ దొరుకుతుంది" అనేది రెండవ ప్రశ్న కావాలని, "ఎవరు చేశారు" అనేదే మొదటి ప్రశ్న కావాలని నా అభిప్రాయం. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండవది చాలా సందర్భాల్లో దానంతటదే తేలిపోతుంది.

ఈ కారు విషయంలో ఆ గడికి అంత విలువ ఇవ్వడానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్‌ను ఆనుకుని ఉన్న డన్‌మరీలోని కర్మాగారం 1981 మొదట్లో ఉత్పత్తి ప్రారంభించి 1982 చివరికి మూతపడింది. ఆ కొద్ది కాలంలో తయారైనవి సుమారు 9,000 కార్లు మాత్రమే. అంత కొత్త సంస్థ ఇంజినూ గేరుబాక్సూ సొంతంగా రూపొందించుకునే ప్రశ్నే లేదు కనుక, ఆకృతిని ఇటలీకి చెందిన జార్జెట్టో జుజారో గీశారు, ఛాసీని (అడుగు చట్రాన్ని), సస్పెన్షన్‌ను లోటస్ సంస్థ తీర్చిదిద్దింది, ప్యూజో, రెనో, వోల్వో సంస్థలు కలిసి తెచ్చిన ఇంజిను ఫ్రాన్స్‌లోని దువ్రాన్ నుంచి వచ్చింది, గేరుబాక్సును రెనో ఇచ్చింది, ఇంధన వ్యవస్థను బాష్ ఇచ్చింది, తలుపులను పైకి లేపే టోర్షన్ బార్లను (మెలితిప్పిన ఉక్కు కడ్డీలను) అమెరికాలో విమానాలు తయారు చేసే గ్రమ్మన్ సంస్థ చేసిచ్చింది. పేరు ఒక్కటే అయినా భాగాలు వేరువేరు ఇళ్ళవి. ఆ ఇళ్ళలో కొన్నింటి తలుపులు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి.

సంస్థ దివాలా తీసిన తరువాత కర్మాగారంలో మిగిలిన విడిభాగాల నిల్వ ఎటూ చెదిరిపోకుండా అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చేరింది. 1997లో ఆ నిల్వ టెక్సస్‌లోని ఒక సంస్థ చేతికి వచ్చింది. తక్కువ సంఖ్యలో తయారై ఆగిపోయిన స్పోర్ట్స్ కార్లలో ఈ అదృష్టం పట్టినవి బహు తక్కువ. అయితే నిల్వ ఉందంటే అన్నీ ఉన్నాయని కాదు. ఏ భాగం తరచుగా పాడవుతుందో అదే ముందుగా అయిపోతుంది. ఎవరికీ అవసరం పడనివి గుట్టలుగా మిగిలిపోతాయి.

పట్టిక పూర్తయ్యేసరికి భాగాలు మూడు రకాలుగా తేలాయి. ఇతర కార్లలోనూ వాడినవి ఒక రకం. ఈ కారు కోసమే చేసినవైనా కొలతలు ప్రామాణికంగా ఉన్నవి, అంటే బేరింగులు, ఆయిల్ సీళ్ళు, ఓ-రింగులు, బోల్టుల వంటివి, రెండవ రకం. ఈ కారుకు తప్ప మరి దేనికీ పనికిరానివి మూడవ రకం. మనసును కలవరపెట్టేది మూడవ రకమే అయినా, కారు కదలకుండా ఆగిపోయేది చాలా వరకు మొదటి రెండు రకాల వల్లనే కాబట్టి పని అక్కడి నుంచే మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి

ఇంజినుతో ప్రారంభించాను. ప్యూజో, రెనో, వోల్వో పేర్ల మొదటి అక్షరాలతో పీఆర్‌వీ అని పిలిచే ఈ ఆరు సిలిండర్ల వీ-ఆకారపు ఇంజినుకు చుట్టాలు చాలామంది. వోల్వో 260, 760, ప్యూజో 504, 604, రెనో 30, ఆల్పీన్ ఏ310 కార్లలో ఏదో ఒక రూపంలో ఇదే ఇంజిను ఉంది. డెలోరియన్‌లోనిది 91 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వ్యాసం), 73 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కలిగిన 2,849 ఘన సెంటీమీటర్ల రూపం. వోల్వో తన కార్లలో బీ28 అని పిలిచిన ఇంజిను దీనికి అన్నిటికంటే దగ్గరి బంధువు. కాబట్టి హెడ్ గాస్కెట్లు (ఇంజిను దిమ్మకూ దాని పై హెడ్డుకూ మధ్య ఉండే సీళ్ళు), టైమింగ్ చెయిన్లు, బేరింగ్ షెల్లులు వంటి లోపలి భాగాలను వెతికేటప్పుడు డెలోరియన్ పేరును పక్కన పెట్టి వోల్వో పేరుతో అడగడమే సులువైన దారి. అమ్మేవాడి ముఖకవళికలు కూడా మారవు.

కానీ బంధుత్వం అన్నిచోట్లా చెల్లదు, ఇక్కడే జాగ్రత్త అవసరం. మిగతా చాలా కార్లలో ఈ ఇంజిను ముందు భాగంలో ఉండగా డెలోరియన్‌లో వెనక ఇరుసుకు వెనకాల ఉంటుంది. కనుక ఇంజిను దిమ్మ ఒకటే అయినా దాని చుట్టూ ఉండే నీటి గొట్టాలు, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు, మౌంటులు వేరు. రెండవ చిక్కు తయారీ సంవత్సరానిది. ఈ ఇంజినును తొలుత ఎనిమిది సిలిండర్ల ఆలోచనతో 90 డిగ్రీల కోణంలో మలిచినందువల్ల, తొలి తరం ఇంజిన్లలో ఒక సిలిండర్‌లో ఇంధనం పేలడానికీ తరువాతి సిలిండర్‌లో పేలడానికీ మధ్య విరామం సమానంగా ఉండదు. 1980ల మధ్యలో క్రాంక్ షాఫ్టును (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసును) మార్చి దాన్ని సరిచేశారు. తరువాతి తరం ఇంజిను చౌకగా దొరికిందని దాని క్రాంక్ షాఫ్టును గానీ డిస్ట్రిబ్యూటర్‌ను గానీ దీనికి తగిలించడం కుదరదు. పట్టికలో ఇంజిను భాగాల పక్కన మోడల్ పేరుతో పాటు ఏ సంవత్సరం వరకు సరిపోతుందో కూడా రాసిపెట్టుకున్నాను.

ఇన్‌టేక్ మ్యానిఫోల్డు విప్పి రెండు సిలిండర్ వరసల మధ్య ఉన్న లోయను చూశాను. ఈ కార్ల యజమానులు దానికి పెట్టిన "మృత్యు లోయ" అనే భయంకరమైన పేరుకు కారణం ఉంది. ఆ లోయలో చెత్త చేరి నీరు పోయే దారి మూసుకుపోతే, అక్కడ నిలిచిన తడి అల్యూమినియం దిమ్మను మెల్లగా తినేస్తుంది. హెడ్ గాస్కెట్ కూర్చునే అంచు దాకా ఆ తినివేత చేరితే దిమ్మను వెల్డింగు చేయించడమో, మొత్తంగా మార్చడమో తప్ప మార్గం లేదు. నా కారులో గుంటలు పడ్డాయి గానీ అంచును తాకలేదు. శుభ్రం చేసి, నీటి దారి తెరిచి, అక్కడి గొట్టాలన్నీ మార్చడానికి రాసుకున్నాను. ఆ లోయలోని భాగాలను ఒక్కొక్కటిగా కాకుండా ఒకేసారి మార్చడం మంచిది, ఎందుకంటే వాటిని చేరుకోవడానికి పట్టే శ్రమ ముందు ఒక గొట్టం ఖరీదు లెక్కలోకి రాదు.

హెడ్డులు తీయలేదు. ఈ ఇంజినులో సిలిండర్ లైనర్లు (పిస్టన్లు కదిలే గొట్టాలు) దిమ్మలో విడిగా నిలబడి ఉంటాయి, వాటి చుట్టూ కూలెంట్ (చల్లబరిచే ద్రవం) తిరుగుతుంది. హెడ్డు తీసిన తరువాత లైనర్లను పైనుంచి బిగించి పట్టకుండా క్రాంకును తిప్పితే అవి కదిలి, అడుగున ఉన్న సీళ్ళు చెడిపోతాయి. కంప్రెషన్ పరీక్షలో ఆరు సిలిండర్ల ఒత్తిడీ దాదాపు సమానంగా వచ్చింది. అవసరం లేని చోట చేయి పెట్టి కొత్త భాగాల జాబితాను పెంచుకోవడం తెలివైన పని కాదు.

మార్చి

ఇంధన వ్యవస్థకు ఊహించిన దానికంటే ఎక్కువ సమయం పట్టింది, ఆ సమయానికి తగ్గట్టు నేర్చుకున్నదీ ఎక్కువే. ఇది బాష్ వారి కే-జెట్రానిక్. ఇందులో ఇంజెక్టర్లను తెరిచి మూసే కంప్యూటర్ ఏదీ లేదు. ఇంజిను పీల్చుకునే గాలి ఒక పళ్ళేన్ని పైకి లేపుతుంది, ఆ పళ్ళెం ఒక లివరు ద్వారా ఇంధన డిస్ట్రిబ్యూటర్‌లోని సన్నని ప్లంజరును పైకి నెడుతుంది, ప్లంజరు ఎంత లేస్తే అంత ఇంధనం ఆరు ఇంజెక్టర్లకూ ఆగకుండా పోతుంది. ప్లంజరు పైభాగాన ఎదురు ఒత్తిడి ఒకటి పనిచేస్తుంది. దానినే కంట్రోల్ ప్రెషర్ అంటారు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు వార్మప్ రెగ్యులేటర్ అనే చిన్న పరికరం ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది, దాంతో ప్లంజరు సులువుగా లేచి మిశ్రమంలో ఇంధనం పెరుగుతుంది. లోపలి విద్యుత్ హీటరు వేడెక్కుతున్నకొద్దీ రెగ్యులేటర్ ఆ ఒత్తిడిని తిరిగి పెంచుకుంటూ పోతుంది.

ఈ వ్యవస్థ 1970లలో, 80లలో పోర్షా, మెర్సిడెస్, వోల్వో, ఫోక్స్‌వాగన్, ఫెరారీ కార్లలో విరివిగా ఉండేది, కనుక భాగాలకు కొదవ లేదు. చిక్కంతా అవి చూడటానికి ఒకేలా ఉండటంలో ఉంది. వార్మప్ రెగ్యులేటర్ల మీద 0 438 140 తో మొదలయ్యే బాష్ నంబరు ఉంటుంది. ఏ కారుకు చెందినదో చెప్పేవి చివరి మూడు అంకెలు. ఆ మూడు అంకెలు మారితే బయటి ఆకారం అదే అయినా లోపలి స్ప్రింగు, ద్విలోహపు పట్టీ అమరిక మారుతుంది, చల్లని ఇంజినుకు ఇచ్చే ఒత్తిడి మారుతుంది. మూడు అంకెలూ స్పష్టంగా కనిపించే ఫోటో పంపనివారి దగ్గర రెగ్యులేటర్ కొనకూడదని నియమం పెట్టుకున్నాను. ఒక అమ్మకందారు "అన్నీ ఒకటే సార్, బిగించండి, నడుస్తుంది" అని రాశారు. బిగుస్తుందన్న మాట నిజమే.

చివరకు కొత్తది కొనడం కంటే నా కారులో ఉన్న అసలు రెగ్యులేటర్‌నే విప్పి, శుభ్రం చేయించి, సీళ్ళు మార్పించి, ఒత్తిడి సరిచేయించడం మేలని తేల్చుకున్నాను. సరైన నంబరు ఉన్న పాత పరికరం, నంబరు తెలియని కొత్తదానికంటే నమ్మదగినది. ఇంధన డిస్ట్రిబ్యూటర్ విషయంలోనూ ఇదే పద్ధతి. ఏళ్ళ తరబడి కారు కదలకుండా ఉంటే ఇంధనంలోని తేమ వల్ల లోపలి ఉక్కు భాగాల మీద సన్నని తుప్పు మచ్చలు ఏర్పడి ప్లంజరు ఇరుక్కుంటుంది. నాది వేలితో నొక్కితే స్వేచ్ఛగా జారింది కాబట్టి మరమ్మతు చేసేవారికి పంపే ముందే కొంత ధైర్యం వచ్చింది.

ఇక్కడ ఇంకొక మాట. ఈ కార్ల భాగాలు అమ్మేచోట "వాడని పాత నిల్వ" అన్న మాట చాలా గౌరవంగా వినిపిస్తుంది. లోహపు భాగాలకు అది నిజంగా వరమే. రబ్బరుకు మాత్రం కాదు. సంచి విప్పకపోయినా నలభై ఏళ్ళ నాటి రబ్బరు నలభై ఏళ్ళ రబ్బరే. పైగా ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలును తట్టుకునేలా ఆనాటి రబ్బరును తయారు చేయలేదు. ఇంధన గొట్టాలు, ఓ-రింగులు, ఇంజెక్టర్ సీళ్ళు అన్నీ కొలత తీసుకుని కొత్త పదార్థంతో చేసినవే తెప్పించాను. ఓ-రింగుకు లోపలి వ్యాసం, తీగ మందం తెలిస్తే చాలు. ఇంధనానికి విటాన్ రబ్బరు, మామూలు నూనెకు నైట్రైల్ రబ్బరు అని అడిగితే ఏ కారు పేరూ చెప్పవలసిన పని లేదు.

ఏప్రిల్

వెనక సస్పెన్షన్‌లో ట్రెయిలింగ్ ఆర్మ్ బోల్టులు ఈ కారుకు ఉన్న పేరుమోసిన బలహీనత. ప్రతి వెనక చక్రాన్నీ ముందుకు వెనక్కు కదలకుండా పట్టి ఉంచే పొడవైన ఆర్మ్‌ను ఒక్కొక్క పొడవాటి బోల్టు ఛాసీకి కలుపుతుంది. కారు బరువులో దాదాపు 65 శాతం వెనకే ఉండటం వల్ల ఆ బోల్టు మోసే భారం తక్కువది కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ అది తుప్పు పట్టి బుష్‌లో (బోల్టు చుట్టూ ఉండే తొడుగులో) బిగుసుకుపోవచ్చు, వంగవచ్చు, చివరికి తెగిపోనూ వచ్చు. వేగంగా పోతున్నప్పుడు తెగితే వెనక చక్రం దానంతటదే దిశ మార్చుకుంటుంది.

విప్పే ముందు ప్రతి వైపునా బోల్టు దగ్గర ఉన్న షిమ్ములను (సన్నని లోహపు బిళ్ళలను) లెక్కపెట్టి, ఫోటో తీసి, విడివిడి సంచుల్లో పేరు రాసి ఉంచాను. వెనక చక్రాల టో కోణాన్ని, అంటే అవి లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నదాన్ని, నిర్ణయించేవి ఆ షిమ్ములే. కుడి పక్క బోల్టు చేతితో దొర్లిస్తేనే వంపు తెలిసింది. ఎడమ పక్కది తిన్నగానే ఉంది గానీ నడుమ తుప్పు వల్ల సన్నబడింది.

లేత్ మీద పనిచేసే పెద్దాయన దగ్గరికి పాత బోల్టును తీసుకువెళ్ళి ఇలాంటిది చేయగలరా అని అడిగితే, ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "అరిగిపోయిన బోల్టు కొలత నాకెందుకు సార్? అది కూర్చునే రంధ్రం కొలత తెచ్చివ్వండి" అన్నారు. ఛాసీ బ్రాకెట్టు, బుష్ లోపలి గొట్టం రెండింటినీ కొలిచి తీసుకువెళ్ళిన తరువాత, ఆయనే ఇది తాను చేయదగిన పని కాదని చెప్పారు. బోల్టులో మరలు లేని నున్నని భాగం బ్రాకెట్టు లోపలి దాకా రావాలి, కోత బలం మరల మీద పడకూడదు. ఆ నిష్పత్తితో, తగిన వేడి శుద్ధితో చేసిన బోల్టు కావాలి. ఆ మాట సరైనదే. 10.9 తరగతి బోల్టు అంటే టెన్సైల్ బలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) కనీసం సుమారు 1,000 మెగాపాస్కల్, అందులో 90 శాతం దాకా శాశ్వతంగా సాగకుండా తట్టుకుంటుందని అర్థం. అంత గట్టి ఉక్కుకు విద్యుత్ పద్ధతిలో జింకు పూత వేయించి, వెంటనే తగిన వేడిలో ఉంచకపోతే లోపలికి చేరిన హైడ్రోజన్ వల్ల అది పెళుసుబారి హఠాత్తుగా విరగవచ్చు. పై మెరుగు కోసం బయట ఎక్కడో పూత వేయించడం ఇందుకే ప్రమాదం.

కారు ఒళ్ళంతా స్టెయిన్‌లెస్ స్టీలే కదా, బోల్టులు కూడా దానితోనే చేయిస్తే తుప్పు బాధ పోతుంది కదా అని ఒక మిత్రుడు అడిగాడు. మామూలుగా దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్టు బలం 700 మెగాపాస్కల్ మాత్రమే. నంబరు ప్లేటుకు అది చాలు, సస్పెన్షన్‌కు చాలదు. ఈ కారు కోసమే మెరుగైన మిశ్రమ లోహంతో చేసి అమ్ముతున్న జత ఉంది, అదే తెప్పించాను. కర్మాగారం ఇచ్చిన భాగం కంటే తరువాతివారు చేసిన భాగం ఉత్తమంగా ఉన్న సందర్భాల్లో అసలైనదే కావాలన్న పట్టుదలకు నా దగ్గర చోటు లేదు.

ఛాసీని కూడా ఇప్పుడే చూశాను. మెత్తని ఉక్కుతో చేసి పైన ఎపాక్సీ పూత వేసిన చట్రమిది. ఆ పూత పగలనంత కాలం మంచిదే. పగిలితే తేమ దాని కిందికి చేరి బయటికి కనిపించకుండా పాకుతుంది. బ్రేక్ మాస్టర్ సిలిండర్ కారితే కింద ఉన్న ఎపాక్సీని బ్రేక్ ద్రవం కరిగిస్తుంది కనుక మొదట సుత్తితో తట్టి చూసింది ఆ చోటే. అక్కడ అరచేతి మేర పూత లేచిపోయి ఉంది. లోహం పలచబడలేదు. గీకి, ప్రైమర్ వేసి, మాస్టర్ సిలిండర్ సీళ్ళను కూడా పట్టికలోకి చేర్చాను.

మే

ఈ నెలలో పనులు చకచకా సాగాయి. కూలెంట్ పోసే అసలు ప్లాస్టిక్ సీసా వేడికి, ఒత్తిడికి పెళుసుబారి పగులుతుందన్నది తెలిసిన సంగతే; దాని బదులు స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేసినది బిగించాను. క్లచ్ ద్రవం పోయే ప్లాస్టిక్ గొట్టం స్థానంలో ఉక్కు అల్లిక గొట్టం వచ్చింది, పెడల్ కింద మెత్తదనం పోయింది. మొదటి కార్లలో వచ్చిన డ్యూసెలియే సంస్థ ఆల్టర్నేటర్ (విద్యుత్తు పుట్టించే పరికరం), రేడియేటర్ ఫ్యాన్లు, దీపాలు, ఎయిర్ కండిషనర్ కలిసి అడిగే విద్యుత్తుకు సరిపోదని ఆనాడే తేలింది; నాకంటే ముందు యజమాని దాన్ని ఎప్పుడో మార్చాడు, కాబట్టి బేరింగులు మాత్రం వేయించాను. బేరింగు విషయంలో కారు పేరుతో పని లేదు. ఉదాహరణకు 6203 అని చెక్కి ఉన్న బేరింగు ఏ సంస్థ చేసినా లోపలి రంధ్రం 17, వెలుపలి వ్యాసం 40, వెడల్పు 12 మిల్లీమీటర్లే.

రేడియేటర్ ముందు, ఇంజిను వెనక ఉండటం వల్ల పొడవైన గొట్టాల్లో గాలి నిలిచిపోతుంది. థర్మోస్టాట్ దగ్గరి స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగే వరకు ఓపికగా నింపాను.

జులై

తలుపులు. ఇవి మూడవ రకం భాగాల సామ్రాజ్యం. పైకి తెరుచుకునే ఈ తలుపు బరువులో చాలా భాగాన్ని మోసేది పైకప్పులో ఉండే టోర్షన్ బార్. ద్రవ నైట్రోజన్ చలిలో ఉంచి మెలితిప్పిన ఉక్కు కడ్డీ అది. గ్యాస్ స్ట్రట్లు (లోపలి గ్యాసు ఒత్తిడితో సాగే కడ్డీలు) దానికి తోడు మాత్రమే. స్ట్రట్‌లోని గ్యాసు ఏళ్ళతో తగ్గిపోతుంది, చలి వాతావరణంలో ఇంకా బలహీనపడుతుంది. తలుపు పూర్తిగా లేవడం మానేసినప్పుడు చాలామంది చేసే పని టోర్షన్ బార్‌ను ఇంకొంచెం మెలితిప్పడం. అందులో దాగిన శక్తి ఎముకలు విరిచేంత ఉంటుంది, సరైన పరికరం లేకుండా దాని జోలికి పోకూడదు. అన్నిటికంటే ముందు కొత్త స్ట్రట్లు బిగించి చూడాలి.

స్ట్రట్ కొనడానికి నాలుగు సంగతులు తెలియాలి: సాగినప్పటి పొడవు, స్ట్రోకు, న్యూటన్లలో బలం, రెండు చివరల్లో పట్టే అమరిక. వీటిలో మూడవదాని విషయంలోనే జనం తొందరపడతారు. బలం ఎక్కువైతే తలుపు బాగా లేస్తుందనుకుంటారు గానీ, మూసేటప్పుడు ఆ అదనపు బలమంతా స్ట్రట్ బిగించిన చోట్ల మీద పడుతుంది. ఈ కారుకు చెప్పిన బలం ఉన్నవే తెప్పించాను. బిగించాక తలుపులు రెండూ సాఫీగా లేచాయి, టోర్షన్ బార్లను ముట్టుకోవలసిన అవసరం రాలేదు.

తలుపు తాళాలను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె మాత్రం మార్చక తప్పదని తేలింది. దానిలోని రిలే (విద్యుత్ స్విచ్చి) అతుక్కుపోతే తాళాన్ని కదిలించే సోలెనాయిడ్‌కు విద్యుత్తు ఆగకుండా పోయి అది మాడిపోతుంది. దీనికి తరువాతి కాలంలో మెరుగైన సర్క్యూటుతో చేసిన ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. అది వచ్చేదాకా ఆ ఫ్యూజు తీసి ఉంచాను.

ఆగస్టు

బయటి రేకుల సంగతి. 304 తరగతి స్టెయిన్‌లెస్ స్టీల్, పైన రంగు లేదు, ఒకే దిశలో గీతలు పడేలా రుద్దిన ముగింపు. గీతలు పడితే అదే దిశలో తగిన ప్యాడ్‌తో రుద్ది సరిచేయవచ్చు. ఆ మేరకు రంగు వేసిన కారు కంటే ఇది సులువు. సొట్ట పడితే మాత్రం కథ మారుతుంది. ఈ ఉక్కును కొట్టినకొద్దీ గట్టిపడుతుంది, మామూలు రేకులా సుత్తికి లొంగదు, పుట్టీ పెట్టి రంగుతో దాచే వీలూ లేదు.

నా కారుకు ఎడమ వైపు ముందు ఫెండరు (చక్రం పైన ఉండే రేకు) అంచున ఒక నొక్కు ఉంది. అమ్మకానికి మిగిలిన రేకుల్లో అన్నిటికంటే ముందు అయిపోయింది ఆ ఎడమ ఫెండరే. కొత్తవి అచ్చుగుద్దుదామంటే, రేకులను అచ్చుగుద్దిన భారీ అచ్చుల్లో కొన్ని కర్మాగారం మూతపడిన తరువాత పాత ఇనుముగా అమ్ముడుపోయి, ఐర్లండ్ పశ్చిమ తీరాన చేపల పెంపకం వలలకు లంగరు బరువులుగా సముద్రంలోకి చేరాయి. పారిశ్రామిక చరిత్రలో ఇంతకంటే చేదు హాస్యం వెతకడం కష్టం. ఫెండరు మార్చే ఆలోచన మానుకుని, స్టెయిన్‌లెస్ రేకు పనిలో చేయి తిరిగిన వ్యక్తితో ఉన్నదాన్నే సరిచేయించాను. వెనక నుంచి దన్ను పెట్టి, చిన్న చిన్న దెబ్బలతో, తొందర లేకుండా లోహాన్ని వెనక్కు తెచ్చి, చివర గీతలను పక్క రేకు గీతలతో కలిపారు. పక్క వెలుగులో నొక్కు చోటు ఇంకా తెలుస్తుంది. దొరకని ఫెండరు కోసం కారును ఏళ్ళ తరబడి ఆపడం కంటే ఇదే నయం.

ముందు మూత కోసం వెతుకుతున్న మరొక యజమానికి చెప్పిన మాటను ఇక్కడ కూడా రాసిపెడుతున్నాను. ఈ కారు తయారైన కొద్ది కాలంలోనే ముందు మూత మూడు రూపాలు మార్చుకుంది: మొదట పెట్రోలు పోయడానికి చిన్న తలుపుతో, గీత గాడులతో వచ్చింది, తరువాత గాడులు ఉండి చిన్న తలుపు పోయింది, చివరికి చదునైనది వచ్చింది. ఎక్కువ కాలం తయారైన కార్లలో ఇలాంటి మార్పులు సంవత్సరాల మీద జరుగుతాయి, ఇక్కడ నెలల మీద జరిగాయి. అందువల్ల మోడల్ సంవత్సరాన్ని బట్టి కాక ఛాసీ నంబరును బట్టి భాగం అడగాలి.

అక్టోబర్

టైర్లు అనుకున్న దానికంటే పెద్ద సమస్య అయ్యాయి. ముందు 195/60 ఆర్14, వెనక 235/60 ఆర్15. ఒకప్పుడు రెండూ సాధారణ కొలతలే. ఇప్పుడు 14 అంగుళాల చక్రానికి తగిన వేగ పరిమితితో మంచి టైరు దొరకడం అరుదు, పైగా ముందుకూ వెనక్కూ ఒకే రకం ట్రెడ్ దొరకడం ఇంకా అరుదు. వెనక బరువు ఎక్కువగా ఉన్న కారుకు ముందు టైర్ల పట్టు ఎక్కువై వెనక టైర్ల పట్టు తక్కువైతే మలుపులో తోక తిరుగుతుంది. కాబట్టి నాలుగూ ఒకే తయారీదారువి, ఒకే రకానివి ఉండాలని ఆగాను. కొనేటప్పుడు పక్క గోడ మీది నాలుగు అంకెలు చదివాను. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. అరుదైన కొలతల టైర్లు గోదాముల్లో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి కనుక ఈ పరీక్ష తప్పనిసరి.

స్పీడోమీటర్ పని కూడా ముగిసింది. దానికి చలనం ముందు ఎడమ చక్రం నుంచి వస్తుంది. హబ్ దగ్గర ఉండే చిన్న కోణపు డ్రైవు కేబుల్‌ను తిప్పుతుంది. ఆ కేబుల్ నేరుగా మీటరుకు పోకుండా, 30,000 మైళ్ళకు ఆక్సిజన్ సెన్సారు మార్చమని దీపం వెలిగించే కౌంటర్ గుండా పోతుంది. కోణపు డ్రైవు మాటిమాటికీ విరుగుతుందని అందరూ దాన్నే నిందిస్తారు, దాన్నే మారుస్తారు. బిగుసుకుపోయిన కౌంటర్‌ను, ఎండిపోయిన కేబుల్‌ను అలాగే ఉంచి కొత్త డ్రైవు పెడితే అదీ విరుగుతుంది. కౌంటర్‌ను తప్పించి, మీటరు దాకా ఒకే కేబుల్ వేసి, ఆ తరువాతే కొత్త డ్రైవు బిగించాను. అప్పటి అమెరికా నిబంధన వల్ల ఆ మీటరు మీద అంకెలు గంటకు 85 మైళ్ళ దగ్గరే ఆగిపోతాయి.

లోపలి ప్లాస్టిక్ క్లిప్పులు, చిన్న మూతలు త్రీడీ ప్రింటింగ్‌తో చేయించుకోవచ్చు. అయితే ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఎండలో మూసి ఉంచిన కారులో డ్యాష్‌బోర్డు ఆ వేడిని దాటుతుంది. ఎండను, వేడిని తట్టుకునే ఏఎస్‌ఏ ప్లాస్టిక్‌తో చేయించినవి ఇప్పటికి సరిగ్గానే ఉన్నాయి.

మరమ్మతై వచ్చిన వార్మప్ రెగ్యులేటర్‌ను బిగించి గేజితో చూశాను: సిస్టమ్ ఒత్తిడి సుమారు 5 బార్ దగ్గర నిలబడింది, కంట్రోల్ ప్రెషర్ చల్లగా తక్కువలో మొదలై ఇంజిను వేడెక్కేకొద్దీ సమంగా పెరిగింది. ఇక పట్టికలో మిగిలినవి తలుపు తాళాల పెట్టె, తలుపుల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు, పగిలిన మీటరు కప్పు. సీళ్ళకు ఆర్డరు పెట్టాను. అవి వచ్చిన తరువాతే స్ట్రైకర్లను (తలుపు తాళం పట్టుకునే కొక్కేలను) సర్దాలి, ఎందుకంటే కొత్త రబ్బరు మందం వల్ల తలుపు మూసుకునే స్థానం మారుతుంది.